ఘనం, ద్రవం, మా పెద్దత్తయ్య

ఘనపదార్థానికి సొంత ఆకారం ఉంటుంది. ద్రవానికి ఉండదు, ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర ఆకారమే దానిది. వాయువుకు ఆ మాత్రం స్థిరత్వం కూడా లేదు, దొరికినంత చోటూ ఆక్రమించేస్తుంది. ఈ మూడు ముక్కలూ గడగడా అప్పజెప్పి బెత్తం దెబ్బలు తప్పించుకున్న తరం మాది. ఆ పాఠం రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, జన్మలో వంటింటి గడప తొక్కి ఉండడు.

నెయ్యినే తీసుకోండి. మే నెలలో విజయవాడలో గిన్నె కాస్త వంచితే చాలు, పప్పన్నం మునిగిపోతుంది. జనవరిలో హైదరాబాద్‌లో అదే గిన్నెను తలకిందులు చేసినా చుక్క రాలదు, చెంచా వంగుతుంది. మిగతా కాలమంతా పూస కట్టి, సగం గట్టిగా, సగం జారుడుగా కాలక్షేపం చేస్తుంది. నేతిలో ఉన్నది ఒక కొవ్వు కాదు, పలురకాల కొవ్వులు. ఒక్కోటి ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది. వాటిలో వాటికే ఏకాభిప్రాయం లేదు. కొబ్బరినూనె నయం, 24 డిగ్రీల దగ్గర ఏదో ఒకటి తేల్చేస్తుంది. మా మామగారిది మాత్రం ఒకటే సిద్ధాంతం: పేరుకోని నెయ్యి కల్తీ నెయ్యి. ఏప్రిల్లోనూ అదే సిద్ధాంతం. కొట్టువాడు "ఎండలండీ" అని గొణిగితే, "మా చిన్నప్పుడు ఎండలు లేవటయ్యా?" అంటారు.

ఈ స్థితుల మీద అసలు పెత్తనం మా పెద్దత్తయ్యది. సంక్రాంతికి ఆవిడ అరిసెల పాకం పడుతుంటే భౌతికశాస్త్రం గుమ్మం బయట నిలబడాల్సిందే. బెల్లం కరిగి, నురగ కక్కుతూ ఉడుకుతుంటే, "ఒరేయ్, పళ్లెంలో నీళ్లు పట్రా" అంటుంది. గరిటెతో ఒక చుక్క ఆ నీళ్లలో వేసి వేళ్లతో కూడదీస్తుంది. జారిపోతే లేత. తీగ సాగితే జిలేబీకి, మనకు కాదు. మెత్తగా ఉండ చుట్టుకుంటే అరిసెలకు. ఆ ఉండను పళ్లేనికేసి కొట్టినప్పుడు టంగుమందా, పల్లీపట్టీకి పనికొస్తుంది, అరిసెలకు చెల్లుచీటీ. లేతపాకం అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదురుపాకం అరిసె తిన్నవాడి పళ్ల సంగతి తేలుస్తుంది. రెంటికీ మధ్య తీరుబడిగా ఆవలించేంత వ్యవధి కూడా ఉండదు.

జరిగేదేమిటంటే, ఉడికేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, తీపి చిక్కబడేకొద్దీ పాకం మరిగే వేడి పైకి పాకుతుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, చక్కెర ఉండపాకానికి 112 నుంచి 116 డిగ్రీలు కావాలి. టంగుమనే పాకానికి 150 దాకా పోవాలి. అది చల్లారితే రాయిలా బిగుస్తుంది గానీ, లోపల అణువులు బారులు తీరవు. ద్రవంగా ఉన్నప్పటి గజిబిజిలోనే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. శాస్త్రం దాన్ని గాజు జాతిలో చేర్చింది. ఈ సంగతి ఎక్కడో చదివిన మా బావ ఓసారి పండక్కి థర్మామీటర్ పట్టుకొచ్చి గిన్నెలో ముంచబోయాడు. అత్తయ్య దాని వంకా, వాడి వంకా మార్చి మార్చి చూసి, "జ్వరం ఎవరికిరా?" అంది. బావ జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏడు సంక్రాంతికి పల్లీపట్టీ తిన్నాం.

ప్రొఫెసర్ల పాట్లు మనకంటే ఎక్కువ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో ఒక ప్రయోగం పెట్టాడు. సుత్తితో కొడితే పెళ్లున పగిలే పిచ్ అనే తారు జాతి సరుకును వేడిచేసి గరాటులో పోశాడు. మూడేళ్లు కుదురుకోనిచ్చి 1930లో గరాటు కొస కోశాడు. మొదటి చుక్క 1938లో పడింది. 2014 నాటికి పడినవి మొత్తం తొమ్మిది. అది ఘనం కాదు, మహా బద్ధకస్తురాలైన ద్రవం. తర్వాత దాన్ని కనిపెట్టుకుని ఉన్న జాన్ మెయిన్‌స్టోన్‌కు చుక్క పడే క్షణం కళ్లారా చూడాలని ఆశ. 1988లో గొంతు తడుపుకుందామని ఐదు నిమిషాలు పక్కకు వెళ్లాడు, పడిపోయింది. 2000లో కెమెరా పెట్టారు, అది మొరాయించిన పూటే పడిపోయింది. 2013లో ఆయన పోయాడు, మరుసటి ఏడు తొమ్మిదోది పడింది. చలికాలం నేతిగిన్నె వంచుకుని విస్తరి ముందు కూర్చున్నవాళ్లకే ఆయన బాధ అర్థమవుతుంది.

బీరువాలోని కలరా ఉండలది ఇంకో దారి. ద్రవం అనే మజిలీలో ఆగకుండా నేరుగా గాలిలో కలిసిపోతాయి. వాసన మాత్రం పట్టుచీరకు అప్పగించి పోతాయి. పెళ్లిలో పక్క కుర్చీ ఆవిడ ముక్కెగరేసి, "చాన్నాళ్లకు తీశారే!" అంటుంది.

ఇక గ్యాస్ బండ. అందులో ఉన్నది చాలావరకు గ్యాస్ కాదు, ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చిన 14.2 కిలోల సరుకు. పొయ్యి వెలిగినంతసేపూ అది లోపల మరుగుతూనే ఉంటుంది. అందుకు కావలసిన వేడిని బండ నుంచే లాక్కుంటుంది కాబట్టి, పెద్ద వంటలప్పుడు వండేవాళ్లతో పాటు బండకూ చెమట పడుతుంది. అడుగున మిగిలిన కాస్త వదులుకోలేక మా బాబాయి దాన్ని ఊపుతాడు, బతిమాలతాడు, చివరికి పడుకోబెడతాడు. ఈ చివరి పని మాత్రం మీరు చెయ్యకండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి దిగుతుంది. బయటపడ్డాక సుమారు 250 రెట్లు ఉబ్బుతుంది, అప్పుడు మంట పొయ్యి దగ్గర ఆగదు. అరిసెల మధ్యలో గ్యాస్ అయిపోతే బండను నిలబెట్టే ఉంచి, వెళ్లి పక్కింటి తలుపు కొట్టండి.