తాగే తీరు చూస్తే చాలు

ముక్కు రంగు చెప్పక్కర్లేదు, తోక పొడవు కొలవక్కర్లేదు. నీళ్ళు ఎలా తాగిందో చెప్పండి, అది ఏ పిట్టో నేను చెబుతాను. వంచిన తల ఎత్తకుండా ఒక్క బిగిన పీల్చేసి ఎగిరిపోయిందంటే గువ్వ. చుక్క నీళ్ళు ముక్కున పట్టి, తల పైకెత్తి, గొంతులోకి జార్చుకుని మళ్ళీ వంగిందంటే గోరింక, కాదంటే పికిలి పిట్ట. చాలా పక్షులకు నీళ్ళు పీల్చడం చేతకాదు, తల ఎత్తితేనే గొంతు దిగుతాయి. గువ్వలకూ పావురాలకూ ఆ బాధ లేదు. ముక్కు ముంచి లాగేస్తాయి, పని తొందరగా ముగించుకుంటాయి. డేగలు తిరిగే చోట ఎంతసేపు నీళ్ళ దగ్గర నిలబడాలన్నది చిన్న సంగతి కాదు.

నేను నాపరాయి తొట్టిని. మాచర్ల అవతల, వెల్దుర్తి దిక్కున, నల్లమల అడవి అంచున ఒక ఇంటి పెరట్లో ఉంటాను. ఊరి పేరు చెప్పను. చెబితే వలలు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళున్నారు.

నా పుట్టుక సముద్రంలో. పల్నాటి సున్నపురాయంతా ఒకనాడు సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నదే. పక్షి అనేది భూమ్మీదకు రాకముందే మేం రాయి అయి కూర్చున్నాం. అందుకే సందులో గునపం పెట్టి కొడితే బల్లపరుపుగా పొరలు పొరలుగా లేస్తాం. మావాళ్ళు కొందరు పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నమయ్యారు, కొందరు ఫ్యాక్టరీల్లో సిమెంటయ్యారు, చాలామంది ఇళ్ళల్లో గచ్చుగా పరుచుకున్నారు. అదృష్టవంతులు మాత్రం ఇక్ష్వాకుల కాలంలో శిల్పుల చేతుల్లో పడి నాగార్జునకొండ స్తూపాల మీద ఏనుగులూ సింహాలూ అయ్యారు. ఇప్పుడు సాగర్ నీళ్ళ మధ్య, దీవి మీది మ్యూజియంలో దర్జాగా నిలబడి ఉన్నారు. నాకు అసూయ లేదు. వాళ్ళ మీద జంతువులు చెక్కి ఉన్నాయి, నా దగ్గరికి నడిచి వస్తాయి.

నన్ను కట్టింది గేదెల కోసం. అడుగున ఒక బండ, చుట్టూ నాలుగు బండలు, అతుకుల్లో సిమెంటు. కుడితి తొట్టి అనేవాళ్ళు. ఇంటాయన పోయాక గేదెలను అమ్మేశారు. తొట్టి పగలగొట్టి ఆ బండలు గడప ముందు వేయిద్దామన్నాడు కొడుకు. “దాని దారిన అది పడి ఉంటుంది, నీకేం బరువైందిరా?” అంది నాయనమ్మ. మనవడు ఆమెను నాయనమ్మా అని పిలుస్తాడు కాబట్టి నేనూ అలాగే అంటున్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే బోరింగు కొట్టి నాలుగు బకెట్లు నాలో పోయడం ఆమె పని. గేదెలున్నప్పుడు నా చుట్టూ మనుషులూ కుక్కలూ తిరిగేవి. గేదెలు పోయాకే అసలు చుట్టాలు రావడం మొదలైంది.

కాకి సంగతి ముందు చెప్పాలి. చెప్పకపోతే ఊరుకోదు. అది తాగడానికి రాదు, వంట చేసుకోవడానికి వస్తుంది. ఎక్కడో ఎత్తుకొచ్చిన ఎండు రొట్టె ముక్కను నాలో నానేసి, మెత్తబడ్డాక తింటుంది. ఒక్కోసారి ఎముక ముక్క వదిలేసి పోతుంది. నాయనమ్మ చీపురు విసురుతుంది. కాకి గోడ దాకా ఎగిరి, ఆమె లోపలికి వెళ్ళగానే మళ్ళీ వస్తుంది.

రామచిలుకలు గుంపుగా దిగి నా అంచు మీద వరసగా కూర్చుంటాయి. మిరప చేల మీద పడి వచ్చిన రోజున ముక్కులకు ఎర్రటి తొక్కలు అంటి ఉంటాయి. పల్నాటి మిరపకాయ కొరికితే మనిషి చెంబు ఎత్తుతాడు. చిలుక రెండు గుక్కలతో సరిపెట్టుకుంటుంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ పక్షుల మీద పనిచేయదు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి పదవి పాలపిట్ట దగ్గర తీసి ఈ చిలుకకే ఇచ్చారు. నన్నెవరూ అడగలేదు గానీ, అడిగితే పాలపిట్టకే ఓటేసేదాన్ని. అది పంట జోలికి పోదు, పంట తినే పురుగులను తింటుంది. అయితే దసరా నాడు తప్ప దాని కోసం తల ఎత్తి చూసే మనిషి లేడు. అసలు పల్నాటిలో పక్షి అనగానే మనుషులకు కోడిపుంజే గుర్తొస్తుంది. బ్రహ్మనాయుడూ నాగమ్మా వేసిన పందెం అలాంటిది మరి.

వానకారులో వచ్చే చాతకం మాత్రం నా దగ్గర నీళ్ళు తాగడం ఇంతవరకు చూడలేదు. వాన చినుకే తాగుతుందని కవులు అంటారు. కవుల మాట నిజమని నేను సాక్ష్యం చెప్పలేను. అది గొంగళి పురుగులను తెగ తింటుంది. ఆ పురుగుల ఒంట్లో తడికేం తక్కువ?

తీతువు గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. అది అరిస్తే ఎవరికో మూడిందని ఊళ్ళో భయం. పిల్లలు రాళ్ళేస్తారు. నిజానికి కాళ్ళ దగ్గర దాని గుడ్లున్నాయని మనల్ని బతిమాలుకోవడమే ఆ అరుపు. ఇంటి వెనక బీడులో, గులకరాళ్ళ మధ్య, గూడు అని పేరుకు గీరుకున్న గుంటలో నాలుగు గుడ్లు పెడుతుంది. మొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. కాలి కింద పడితే తప్ప గుడ్డేదో రాయేదో తెలియదు. మే నెల వస్తుంది. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. మా ఊరికీ ఆ ఎండే. ఆ బీడు రాళ్ళ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు తీతువు గుడ్ల మీద కూర్చోదు, వాటి మీద నీడ పడేలా నిలబడుతుంది. మధ్యలో పరుగున నా దగ్గరికి వస్తుంది. నాలోంచి పొర్లిన నీళ్ళు పక్కన మడుగు కట్టి ఉంటాయి. పొడుగాటి పసుపు కాళ్ళు మడిచి ఆ మడుగులో కూలబడుతుంది. పొట్ట ఈకలు బాగా తడిసేదాకా అటూ ఇటూ కదులుతుంది. తాగిందా లేదా అన్నట్టు ఒక్క గుక్క తాగి, నీళ్ళు కారుతుండగానే బీడులోకి పరుగెత్తి ఆ తడి పొట్టను గుడ్లకు ఆనిస్తుంది. ఆరిపోతే మళ్ళీ వస్తుంది. పొదగడమంటే వేడి ఇవ్వడమే అనుకుంటాం. పల్నాటి మే నెలలో పొదగడమంటే చల్లబరచడం. ఆ మడుగు ఆరిపోకూడదని నాయనమ్మ ఎండాకాలంలో ఒక బకెట్ నీళ్ళు కావాలనే నేల మీద పారబోస్తుంది. ఇంట్లోవాళ్ళు దుబారా అంటారు.

రాత్రి పూట చుట్టాలు వేరు. కుక్క తాగితే పెరడంతా వినబడుతుంది. అది నాలుకను వెనక్కి మడిచి నీళ్ళను బలంగా కొడుతుంది, సగం కింద పోస్తుంది. జంగుపిల్లి తాగితే చప్పుడే ఉండదు. నాలుక కొసను నీటి మీద అలా తాకించి గబుక్కున వెనక్కి లాగుతుంది. నాలుక వెంట సన్నటి నీటి తీగ పైకి లేస్తుంది, అది తెగి కిందపడే లోపే నోరు మూస్తుంది. పెంపుడు పిల్లులు తాగే ఈ తీరును అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు వేగంగా తీసే కెమెరాలు పెట్టి చూసి 2010లో ప్రకటించారు. సెకనుకు నాలుగు సార్ల దాకా నాలుక ఆడుతుందట. జంగుపిల్లి లెక్క కూడా నాకు అదే అనిపిస్తుంది. ఏదుపంది రాకను ముళ్ళ గలగల ముందే చెబుతుంది. అడవి పంది తాగడం కన్నా మడుగులో పొర్లడానికే ఇష్టపడుతుంది. పొద్దున చూస్తే తీతువు చోటంతా కుళ్ళబొడిచి ఉంటుంది.

పులి వచ్చిందా అని అడుగుతారు. మా వెనక అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం వైపు సాగిపోతుంది, విస్తీర్ణంలో అది దేశంలోకెల్లా పెద్దది. చిరుత కనబడిందని, పులి అడుగులు పడ్డాయని నా పక్కన కూర్చుని చుట్ట కాల్చేవాళ్ళు చెప్పుకుంటారు. నా దగ్గర తాగింది మాత్రం లేదు. రానిదాన్ని వచ్చిందని చెప్పుకునే అలవాటు నాకు లేదు.

మనవడు నరసరావుపేటలో చదువుతాడు. సెలవులకొస్తే ఫోన్ పట్టుకుని నా అంచు మీద కూర్చుంటాడు. కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఉంది అందులో. ఒకనాడు ఉన్నట్టుండి లేచాడు.

“నాయనమ్మా, జాలె డేగ వచ్చింది!”

“ఏదిరా?”

“కనబడలేదు. ఫోన్ చెబుతోంది.”

“ఫోన్ మొహం. అది పోలిగాడు. డేగ గొంతు పెట్టి గోరింకలను బెదరగొట్టి, అవి వదిలేసింది తింటాడు. ఆ కరెంటు తీగ మీద చూడు, తోక చీలి ఉందా లేదా?”

చీలే ఉంది. కాసేపటికి ఆ నల్లటి పోలిగాడు తీగ మీంచి జారి, నా నీటిని పొట్టతో ఒక్కసారి కొట్టి, మళ్ళీ తీగెక్కి ఈకలు దులుపుకున్నాడు. వాడి స్నానం అంతే. నీళ్ళలో దిగి జలకాలాడే గోరింకను, ఎగురుతూనే మునిగి లేచే పోలిగాణ్ణి నేను చీకట్లోనైనా పోల్చగలను.

నాయనమ్మ చెప్పింది మనవడు, చూసిన పిట్టల జాబితాలు దాచే ఈబర్డ్‌లో ఎక్కించడం అప్పటినుంచి అలవాటైంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013లో మన దేశమూ చేరింది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి, చూసిన ప్రతి పిట్టనూ రాయాలి. పదిహేను నిమిషాలంటే మనవడికి ఎక్కువ, నాకు లెక్కలోకి రాదు. ఆ లెక్కలో మా పెరటి పిట్టలన్నీ నాయనమ్మ నోటి వెంట వచ్చినవే, ఆమె పేరు మాత్రం అందులో లేదు. పండితులకు పల్లె మనిషి కన్ను అక్కరకు రావడం కొత్త కాదు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి ఇక లేదనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊరూరా దాని గురించి అడుగుతూ తిరిగితే, 1986లో కడప జిల్లా లంకమల అడవి దగ్గర దాన్ని పట్టి చూపించింది అక్కడి మనిషి ఐతన్న.

అన్నీ మంచి రోజులే అనుకోకండి. ఒక మిరప సీజన్లో కూలికొచ్చిన మనిషి మందు కొట్టే డబ్బాను నాలోనే కడిగి వెళ్ళాడు. వాసన నాకు తెలిసింది, చెప్పే నోరు లేదు. తెల్లారేసరికి గువ్వలు నా చుట్టూ పడి ఉన్నాయి. ఒక్క బిగిన తాగే అలవాటు వాటికి ఆ రోజు చేటు చేసింది. తల ఎత్తి ఎత్తి తాగే గోరింకలు కొన్ని బతికిపోయాయి. నాయనమ్మ ఆ నీళ్ళను పిట్టలు దిగని గుంటలో పోసి పూడ్పించింది, బూడిదతో నన్ను మళ్ళీ మళ్ళీ తోమింది, నన్ను బోర్లించలేక రెండ్రోజులు పైన తడిక కప్పి ఉంచింది. వచ్చిన పిట్టలు తడిక మీద వాలి, కిందికి చూసి వెళ్ళిపోయాయి.

వలవాళ్ళ పద్ధతి ఇంకొకటి. వాగులు ఎండాక వేటగాడు అడవంతా తిరగడు, నీళ్ళున్న చోట కూర్చుంటాడు. కౌజు పిట్టల కోసం ఒకడు తెల్లవారుజామున నా వెనక వల కట్టాడు. “తాగేదాని నోటి కాడ వల వేస్తావట్రా? లే అవతలికి!” అని నాయనమ్మ కర్ర తీసింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి ఆమెకు తెలియదు. దాని అవసరమూ పడలేదు.

నా తప్పు కాకపోయినా నా కడుపులో జరిగిందొకటుంది. నా గోడలు నున్నన, లోతు మోకాలి దాకా. ఎండకు దాహమేసి దిగిన ఉడుత పిల్లలు ఎక్కలేక మునిగిపోయేవి. నాయనమ్మ ఒక గరుకు బండముక్కను లోపల ఏటవాలుగా ఆనించింది. అప్పటినుంచి ఉడుతలూ తొండలూ దాని మీదుగా దిగి తాగి ఎక్కుతున్నాయి. తేనెటీగలు కూడా ఆ తడి బండ మీదే వాలి నీళ్ళు పట్టుకెళ్ళి ఎండలో పట్టును చల్లబరుచుకుంటాయి.

మీ ఇంటి దగ్గర నాలాంటి తొట్టి ఉండకపోవచ్చు. వెడల్పాటి మట్టి మూకుడు చాలు. రెండు వేళ్ళ లోతుకు మించి నీళ్ళు పోయకండి, మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి, పిల్లి మాటు వేయలేని చోట ఉంచండి. మందు డబ్బాలను దాని దరిదాపులకు రానివ్వకండి. దోమలు పెరగకుండా మూడు రోజులకోసారి పారబోసి తోమి మళ్ళీ నింపండి. మార్చి నెలలోనే మొదలుపెట్టండి. ఏప్రిల్ వచ్చేసరికి వాటికి దారి తెలిసి ఉండాలి.