చవక తిండి ప్రవక్తలు

హైదరాబాద్‌లో ఏ విద్యార్థీ ఆకలితో పడుకోనక్కర్లేదని ఈమధ్య నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో కుర్రాడు ఒక చేత్తో ప్లేటు, మరో చేత్తో మైకు పట్టుకుని అమీర్‌పేట సందులోంచి ప్రత్యక్షమవుతాడు. ‘‘గయ్స్, ఎనభై రూపాయలకే అన్‌లిమిటెడ్!’’ అని అరుస్తాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపుతాడు. ఆ ఊపు చూస్తే పప్పుచారులో పరమాత్మ కనబడ్డాడేమో అనిపిస్తుంది. రెండో ముద్ద తినగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. వీడియో అక్కడితో సరి.

నా పేచీ అంతా ఆ రెండో ముద్ద గురించే. చెప్పేవాడు అక్కడ ఒక్కసారి తింటాడు, అదీ ఓనరు పక్కన నిలబడి నవ్వుతుండగా. విని వెళ్లినవాడు అక్కడే నెలకు అరవై సార్లు తినాలి.

ముందు ఈ అన్‌లిమిటెడ్ సంగతి చూద్దాం. బోర్డు మీద ఆ మాట మూడడుగుల ఎత్తున ఉంటుంది. లోపల గోడకు అతికించిన కాగితం మీద దాని షరతులు ఉంటాయి. అన్నానికీ సాంబారుకూ హద్దు లేదు. ఫ్రై ఒక్కసారే. అప్పడం ఒక్కటే. పెరుగు చిన్న కప్పు, రెండోది కావాలంటే దానికి వేరే రేటు. షేరింగ్ లేదు, పార్సిల్ లేదు, అన్నం వదిలేస్తే ఫైన్. ఇవన్నీ రాతపూర్వకమైనవి. రాయని షరతు వడ్డించే అతని చూపులో ఉంటుంది. మూడోసారి కూర అడిగితే అతనికి హఠాత్తుగా చెవుడు వస్తుంది. నాలుగోసారి అడిగితే గరిటెను బకెట్ అడుగుదాకా తిప్పి, ఒక్క ముక్క కూడా తగలకుండా రసం మాత్రం పైకి తెస్తాడు. ఆ నైపుణ్యానికి ఎవరైనా సన్మానం చేయాలి.

ఓనరును నేను తిట్టడం లేదు. సిలిండరు, అద్దె, బియ్యం, వంటమనిషి జీతం, ఇన్ని పెట్టుకుని ఎనభైకి భోజనం పెట్టేవాడు మూడో గరిటె దగ్గర చేయి వెనక్కు తీసుకోక ఏం చేస్తాడు? ఆ లెక్క అతనికి తెలుసు, తినే విద్యార్థికీ తెలుసు. తెలియనిది మైకు పట్టుకున్నవాడికే.

ఇంకో లెక్క ఉంది, అదీ వీడియోల్లో రాదు. పొద్దున నలభైకి టిఫిను, రెండు పూటలా ఎనభై చొప్పున భోజనం. రోజుకు రెండొందలు, నెలకు ఆరువేలు. చాయ్ లేకుండా, స్నేహితుడి బర్త్‌డే లేకుండా, ఆదివారం బిర్యానీ లేకుండా. ఆ చుట్టుపక్కల మంచం, ఫ్యాను, తిండి అన్నీ కలిపి ఇంచుమించు అంతకే ఇచ్చే హాస్టళ్లున్నాయి. అలాంటిచోట ఉంటూ, మెస్‌లో ఆ పసుపుపచ్చ నీళ్లను పప్పని ఒప్పుకోలేక బయటికొచ్చినవాడికి ఈ ‘చవక’ రెండో ఖర్చు. అందుకే తెలివైనవాళ్లు రూములో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పడేసి, కర్రీ పాయింట్ నుంచి రబ్బరు బ్యాండు కట్టిన కవరు ఒకటి తెచ్చి ముగ్గురు పంచుకుంటారు. దానికి రీల్ చేయరు. కవర్లో కూర కెమెరాకు అందంగా కనబడదు.

పోనీ, వీడియో వల్ల ఆ హోటలైనా బాగుపడుతుందా? బాగుపడుతుంది, విద్యార్థికి అందనంతగా. వారం తిరిగేసరికి మాదాపూర్ నుంచి కార్లు దిగుతాయి. ఎనభై మీద తెల్లకాగితం అంటించి నూట ఇరవై అని రాస్తారు. పాత గిరాకీ కుర్రాడు క్యూలో నిలబడేలోపు మధ్యాహ్నం క్లాసు అయిపోతుంది. 2024 జనవరిలో దుర్గం చెరువు దగ్గర కుమారి ఆంటీ భోజనాల బండి కథ గుర్తుందిగా? జనం ఎగబడి ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకుంటేగానీ అది తిరిగి అక్కడికి రాలేదు. రోడ్డు పక్క చవక భోజనానికి అంతటి పేరు తెచ్చిన ఆవిడ మాట ఏమిటి? ‘‘మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా.’’ వెయ్యి రూపాయల బిల్లుతో చవక తిండి ప్రసిద్ధికెక్కడం మన నగరానికే చెల్లింది.

ఫుడ్ డెలివరీ యాప్‌ల సగం ధర సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. తొంభై తొమ్మిది రూపాయల ఫ్రైడ్ రైస్‌కు డిస్కౌంటు రావాలంటే బిల్లు నూట తొంభై తొమ్మిది కావాలి. కాబట్టి అక్కర్లేని మంచూరియా కొంటాం. 2023లో రెండు రూపాయలతో బుద్ధిగా మొదలైన ప్లాట్‌ఫామ్ ఫీజు ఎప్పుడో రెండంకెలకు చేరింది. ఆదా చేసిన మొత్తం ఆకుపచ్చ అక్షరాల్లో కనబడుతుంది, ఖర్చు మాత్రం బ్యాంకు మెసేజ్‌లో వస్తుంది.

మైకు లేని ప్రవక్తలు ఇంకో రకం. ‘‘మేం వారాలు చేసుకుని చదువుకున్నాం’’ అంటారు పెద్దాయన, మూడో పెసరట్టుకు అల్లం పచ్చడి అడుగుతూ. నిజమే బాబాయ్‌గారూ, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. మరి ఇవాళ మీ గేటెడ్ కమ్యూనిటీ దగ్గరికొచ్చి, ‘‘మంగళవారం అన్నానికి వచ్చాను’’ అని సెక్యూరిటీకి చెబితే ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? మీకే వస్తే చెబుతారా?

అందరికన్నా పెద్ద బడ్జెట్ నిపుణుడు సర్కారు. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్లకు డైట్ చార్జీలు నెలకు 1,500 ఉండేవి. 2024లో వాటిని 2,100 చేశారు. పెంచినందుకు సంతోషమే. పెంచాక రోజుకు డెబ్బై పడుతుంది. అంటే మన రీల్ కుర్రాడు ఒక్క పూటకే చవకని కళ్లు మూసుకున్న ఎనభైకి పది తక్కువతో సర్కారు రోజంతా గడిపేస్తుంది. ఈ లెక్కన లక్షల ఫాలోయర్లు ఉండాల్సింది సంక్షేమ శాఖకు. ఉన్నంతలో మాట నిలబెట్టుకున్నది 2014లో జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనమే. ప్రభుత్వాలు మారాయి, దాని పేరు కూడా మారింది, ఐదు మాత్రం ఐదే. ఎండలో నిలబడి తినాలి, ఆలస్యమైతే అయిపోతుంది, రాత్రికి దారి వేరే వెతుక్కోవాలి. అయినా చిన్న అక్షరాల షరతులు లేవు.

చవక తిండి ప్రవక్తల్లో ఎవరికైనా నిజంగా సేవ చేయాలని ఉంటే ఒక ఉపకారం అడుగుతాను. నెలలో 27వ తేదీన, ట్రైపాడ్ ఇంట్లో పెట్టి అశోక్‌నగర్ రండి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలతో కలిసి ఆ నాలుగు రోజులూ అక్కడే తినండి. రుచికి మార్కులు వద్దు. రెండున్నరకు వెళితే కూర మిగిలి ఉంటుందా, హాస్టల్లో వంట లేని ఆదివారం రాత్రి షట్టరు తెరిచి ఉంటుందా, ఓనరు ఖాతా రాసుకుని ఒకటో తేదీ దాకా ఆగుతాడా, ఈ మూడే చెప్పండి. ఆగుతాడని తేలితే మాత్రం, దయచేసి లొకేషన్ పెట్టకండి.