సాయం చేసే మొగుడు

నేను ఇంట్లో సాయం చేస్తాను. ఈ ముక్క చెప్పుకునే అవకాశం ఎక్కడ దొరికినా వదలను. మార్చి 8న అయితే మైకు పట్టుకుని మరీ చెబుతాను. మొన్న మా కాలనీ మహిళా దినోత్సవంలో చెబితే చప్పట్లు మోగాయి, శాలువా కూడా కప్పారు. మా ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు, వచ్చినవాళ్లకి టిఫిన్ ప్లేట్లు అందిస్తోంది.

నా సాయం సంగతి కాస్త చెప్పాలి. ఆదివారం పొద్దున కాఫీ నేనే కలుపుతాను. డికాక్షన్ ఒలికిన గట్టు, మాడిన పాలగిన్నె, మూత పెట్టని చక్కెర డబ్బా ఎక్కడివక్కడే ఉంటాయి. సాయం చేసేవాడి బాధ్యత అంతవరకే. మిగిలింది పని. అది పనిచేసేవాళ్లు చూసుకుంటారు.

ఇంటికొచ్చి శాలువా మడత పెడుతూ ఆవిడ అడిగింది. "ఏమండీ, మీరు ఆఫీసులో కూడా సాయమే చేస్తారా?"

"ఛ, అక్కడ పని కదా!"

"నేను బ్యాంకులో చేసేదీ పనే, ఇంట్లో చేసేదీ పనే. మీకు మాత్రం గడప దాటి లోపలికి రాగానే దాని పేరు మారిపోతుందేం?"

పేరు మారితే కూలి మారుతుందన్న రహస్యం మా ఊరి రైతులకి ఎప్పుడో తెలుసు. సమాన పనికి సమాన వేతనమని 1976లో పార్లమెంటు చట్టం చేసింది. మా పెదనాన్న ఆ చట్టాన్ని ఒక్కనాడూ మీరలేదు. సమానమైన పని ఇస్తేగా మీరడానికి! ఊడ్పులు, కలుపు తీత ఆడకూలి. గట్టు వేయడం, మూట మోయడం మగకూలి. "మగాళ్లది బరువు పని రా" అనేవాడు గట్టు మీద గొడుగేసుకుని. పొద్దుటి నుంచి బురదలో వంగిన నడుము ఎంత బరువు తూగుతుందో చూసే కాటా ఆయన దగ్గర లేదు. ఇంట్లో రోజూ వండే మనిషి "ఊరికే ఇంట్లో ఉంటుంది". పెళ్లికి వండేవాడు వంటమాస్టారు, అడ్వాన్సు ఇవ్వందే పొయ్యి కూడా చూడడు.

ఆఫీసుల్లో కాటా ఉంది గానీ, దానికి గడియారం బిగించారు. రాత్రి ఎనిమిదింటి దాకా సీట్లో కూర్చున్నవాడికి అంకితభావం. ఆరింటికి బ్యాగు సర్దుకున్న ఆవిడకి ఇంటి ధ్యాస. ఎనిమిదింటి దాకా కూర్చున్న మహానుభావుడి ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారో రాయడానికి ప్రమోషన్ ఫారంలో గడి లేదు. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. ఆ జీతం యజమానే భరించాలి. దాంతో ఇంటర్వ్యూల్లో "పెళ్లెప్పుడమ్మా?" అన్న పలకరింపులో ఆప్యాయత ఎక్కువైంది. అబ్బాయిలని ఎవరూ అంత ఆప్యాయంగా అడగరు. పూర్వం సర్కారుకీ ఇదే ఆప్యాయత ఉండేది. విదేశాంగ శాఖలో పనిచేసే మహిళ పెళ్లాడాలంటే ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ శాఖలోనే పనిచేసే సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కితే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలని దులిపేశారు.

ఇంటి పనికి రూపాయల్లో ధర కట్టే చోటు మన దేశంలో లేకపోలేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. బస్సు గుద్ది ఇల్లాలు పోయాక అక్కడ లెక్క మొదలవుతుంది. "ఆమెకి సంపాదన లేదు కదండీ" అంటుంది బీమా కంపెనీ. మన కృష్ణా జిల్లా నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 జనవరిలో ఇలాంటి కేసులోనే, ఇల్లాలి పనికీ ఆదాయం లెక్కగట్టాల్సిందేనని విడిగా తీర్పు రాశారు. ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని 2011 జనగణనలో చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లని, మగవాళ్లు 58 లక్షలకి కాస్త అటూ ఇటూ అని అందులో గుర్తు చేశారు. ఆ 58 లక్షల మందికీ ఎవరైనా శాలువాలు కప్పారో లేదో! జనగణన వారు ఇల్లాళ్లని ముష్టివాళ్లతో, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టడాన్ని అదే సుప్రీంకోర్టు 2010లోనే తప్పుపట్టింది. బతికుండగా ఖాళీ మనిషి, పోయాక నెలకింత.

ఇదంతా చదివి జ్ఞానోదయమై, ఆవిడకి వినిపించాను. 2019 సర్కారు సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 97 అని. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు, అలాంటివాళ్లు నూటికి 26 మంది.

"మరి ఇప్పుడో?"

"2024 సర్వేలో మీకు 289కి తగ్గింది. పది నిమిషాలు కలిసొచ్చాయి కదా!"

"మీకు?"

"88."

"అంటే మాకు పది తగ్గితే మీరూ తొమ్మిది తగ్గించుకున్నారన్నమాట." ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఆ 88 నిమిషాలు చేస్తున్న మగాడెవరో ఉన్నాడంటారా? పాపం, ఆయన్నోసారి భోజనానికి పిలవండి. చూడాలని ఉంది."

"తప్పకుండా. ఏం వండుతావు?"

"వంట మీరు చెయ్యండి," అంది టీవీ రిమోట్ అందుకుంటూ. "నేను సాయం చేస్తాను."