పర్ణశాల నుంచి లంకకు నాన్‌స్టాప్

మా అడవి నుంచి విమానం లేవలేదని ఎవరన్నారు? పర్ణశాల నుంచి లంకకు త్రేతాయుగంలోనే లేచింది. భూసేకరణ లేదు, అటవీ అనుమతి లేదు, ప్రయాణికురాలి ఇష్టం అసలే లేదు. దారిలో ఒక పక్షి అడ్డుపడింది. ఆ జటాయువు పడ్డ చోటే ఏటపాక అని ఇక్కడ చెప్పుకుంటారు. 2014 నుంచి పర్ణశాల తెలంగాణలో, ఏటపాక ఆంధ్రలో ఉన్నాయి కాబట్టి, ఇవాళ కేసు పెడితే అటు ఠాణా ఇటు, ఇటు ఠాణా అటు చూపిస్తాయి.

మొన్న డాలస్ నుంచి మేనల్లుడి ఫోను. "మామా, శంషాబాద్ నుంచి భద్రాచలానికి ఆకాశమార్గాన 265 కిలోమీటర్లేనట! విమానానికి గంట కూడా పట్టదు. నవమికి వచ్చేస్తా."

"రా అల్లుడూ. కానీ ఆ గీత మీద బస్సు తిరగదు. రోడ్డు మీద మూడు వందలు దాటుతుంది."

"పోనీ రైలుందిగా, భద్రాచలం రోడ్ స్టేషన్‌కి?"

కొత్తవాళ్ళంతా దొరికిపోయేది ఇక్కడే. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. గుడి ఇంకా 40 కిలోమీటర్లు. పాల్వంచ దాటాలి, సారపాక దాటాలి, గోదారి దాటాలి. కొబ్బరికాయల సంచి చంకన పెట్టుకుని దిగిన అవ్వ "గుడి ఎటు నాయనా?" అంటే ఆటో అతను గడ్డంతో బస్టాండు వైపు చూపిస్తాడు. "ఇంకో గంట అవ్వా." రైల్వే వాళ్ళను తప్పుపట్టలేం. పేరు చివర 'రోడ్' అని ముందే చెప్పారు. దిగాక అదే గతి.

నవమినాడు సర్కారు తలంబ్రాలు హెలికాప్టర్‌లో దిగిన ఏళ్ళున్నాయి. ముత్యాలకు నిమిషాల ప్రయాణం, వాటిని కళ్ళకద్దుకోవడానికొచ్చే జనానికి రాత్రంతా జాగారం.

విమానాశ్రయం సంగతా? రాష్ట్రంలో ఆరు చోట్ల కడతామన్నారు. మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, దేవరకద్ర, ఆరోది మా కొత్తగూడెం. మామునూరుకు నిజాం నాటి రన్‌వే ఉంది, 2025లో కేంద్రం సరేనంది. మా దగ్గరికీ సర్వే వాళ్ళు వచ్చారు. ఇక్కడ చదునుగా ఉన్నచోట పొలం, పొలం లేనిచోట అడవి, అడవి లేనిచోట గుట్ట. ఆ గుట్ట కింద బొగ్గు ఉంటే దానికి మాత్రం దారి ఎప్పుడో పడింది. సింగరేణి బొగ్గు ఏనాడూ నవమి బస్సు కోసం నిలబడలేదు.

"మరి మీ ఎయిర్‌పోర్ట్ ఎప్పుడొస్తుంది మామా?"

"ఈ అడవిలో ఎదురుచూపులకు పద్నాలుగేళ్ళు ఆనవాయితీ. కాకపోతే రాముడికి ముగింపు తేదీ ముందే చెప్పారు."

నాదొక మనవి. రేపు ఎంత దూరాన కట్టినా సరే, స్టేషన్ పద్ధతిలోనే పేరు పెట్టండి: 'భద్రాచలం ఆకాశం'. దిగాక మిగతాది మేం నడుచుకుంటాం.