పురుగుకు పేరు పెట్టే పెద్దమనిషి

సముద్రపు చదును పురుగుల పండితుణ్ణి బ్రిస్బేన్‌లో అయినా పోర్ట్ బ్లెయిర్‌లో అయినా ఇట్టే గుర్తుపట్టవచ్చు. పగడపు దిబ్బ దగ్గర అందరూ తాబేలు వెంట పడుతుంటే, ఈయనొక్కడే చచ్చిన పగడపు ముక్కను తిరగేసి అడుగు చూస్తుంటాడు. చూశాక దాన్ని మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించి గానీ కదలడు.

మీరు ముచ్చటపడి తీసిన చదును పురుగు ఫొటో చూపించి, "సముద్రపు నత్త ఎంత బాగుందో చూడండి" అన్నారనుకోండి, మొహం గంటు పెట్టుకుంటాడు. "నత్తేమిటండీ? వీపు మీద మొప్పల కుచ్చు ఏదీ?" అని మొదలుపెట్టి, ఈ జీవికి మలద్వారం లేదనీ, తిన్నదాంట్లో మిగిలింది బయటికి రావాలన్నా నోరే దిక్కనీ చెప్పుకుపోతాడు. పక్కన భోంచేస్తున్నవాళ్లు లేచిపోయినా ఆగడు. ఆయన ఖర్మ ఏమిటంటే, 1994లో న్యూమన్, కానన్ అనే ఇద్దరు తూర్పు ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ పురుగులకు పేర్లు పెడుతూ ఒకదాన్ని సూడోసెరాస్ గోస్లినెరి అన్నారు. ఆ గోస్లినర్ ఎవరయ్యా అంటే, పేరుమోసిన సముద్రపు నత్తల నిపుణుడు! ఈ సంగతి ఎత్తితే మాత్రం ఆయన మాట మారుస్తాడు.

పురుగు దొరకడం ఒక ఎత్తు, చిరక్కుండా ఒడ్డుకు చేర్చడం ఒక ఎత్తు. గట్టిగా వేలు తగిలితే చాలు, ముక్కలై జిగురుగా కరిగిపోతుంది. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే కాగిన నూనెలో అప్పడంలా ముడుచుకుంటుంది. అందుకే ఫార్మలిన్‌ను ముందే గడ్డకట్టించి ఉంచుతారు. వడపోత కాగితం మీద పురుగు ఒళ్లు చాచి పాకే క్షణం చూసి, కాగితంతో సహా ఆ గడ్డ మీద పరిచేస్తారు. ఆ క్షణం కోసం కాచుకుని కూర్చున్నప్పుడు ఇంటినుంచి ఫోనొచ్చినా ఎత్తడు.

తర్వాత అంత అందగత్తెనూ మైనంలో పాతి, మిల్లీమీటరులో నూరోవంతు కన్నా పల్చగా కోసి, గాజుపలకల మీద వరసగా పేరుస్తాడు. లోపలి జననాంగాల అమరిక చూడాలి మరి. ఆడా మగా రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి. సూడోసెరాస్ బైఫర్కస్ పురుగులు రెండు ఎదురైతే శిశ్నాలతో కత్తియుద్ధం చేస్తాయనీ, పోటు తిన్నది గుడ్ల భారం మోయాల్సి వస్తుందనీ 1998లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఈ యుద్ధాన్ని ఆయన వియ్యాలవారి ముందైనా సరే రెండు చేతులతో అభినయించి చూపిస్తాడు.

ఇంత కోతా కోశాక తేలేదేమిటి? సూడోసెరాస్ ప్రజాతి పురుగుల్లో చాలావాటికి లోపలి సరంజామా ఇంచుమించు ఒకటే! మళ్లీ రంగుల దగ్గరికే రావాలి. పోనీ రంగును నమ్ముదామా అంటే, 2010లో కరీబియన్ సముద్రపు సూడోసెరాస్ బైకలర్ గుంపు డీఎన్ఏను పరీక్షించినవాళ్లు రంగులు మోసం చేస్తాయని వ్యాసం శీర్షికలోనే చాటేశారు.

అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. నూరేళ్ల కిందటే ఎవరో తన పురుగుకు నామకరణం చేసేసి ఉంటే? జంతు నామకరణ నియమావళి ప్రకారం సాధారణంగా ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. కనుక నేపుల్స్ అఖాతపు పురుగుల మీద ఆర్నాల్డ్ లాంగ్ 1884లో జర్మన్‌లో రాసిన బృహద్గ్రంథం దగ్గర్నుంచీ తిరగెయ్యాలి. జర్మన్ వ్యాకరణాన్ని తిట్టుకుంటూనే తిరగేస్తాడు.

చివరికి పేరు. తన పేరు తానే పెట్టుకుంటే నియమం అడ్డు రాదు గానీ, తోటివాళ్లు జన్మంతా నవ్వుతారు. అందుకని స్నేహితుడి పేరు పెట్టి, ఆ స్నేహితుడికి ఎప్పుడు కొత్త పురుగు దొరుకుతుందా అని ఎదురుచూస్తుంటాడు.

అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో మీకు ఇలాంటి రంగుల పురుగు కనిపిస్తే ఫొటోలు ఎన్నయినా తియ్యండి, వేలు మాత్రం పెట్టకండి. పక్కన ఒక స్కేలు కూడా పడేలా తీస్తే ఆయన మీకు రుణపడి ఉంటాడు.