నా మూడో పేజీ, అరవై ఒకటో పేజీ

నేనొక రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌ని. దుకాణంలో అడుగు వరసలో పడి ఉన్న నన్ను ఒక బీఎడ్ అమ్మాయి కొనుక్కుంది. బ్రౌన్ కాగితం అట్ట వేసి, లేబుల్ మీద ‘రిఫ్లెక్టివ్ జర్నల్’ అని రాసింది. ఆ రోజు నుంచి ఆమె సంచిలో చార్టుల పక్కనే నా బతుకు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది. అందులో 20 వారాలు ఛాత్రోపాధ్యాయులు బడిలోనే గడపాలి. పాఠం చెప్పి వచ్చాక ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మా అమ్మాయి నాలో రాస్తుంది. ఆమె ఎంతవరకు ఎదిగిందో సహపాఠి చదివి చెప్పాలన్నది వాళ్ల మేడమ్ పెట్టిన నియమం.

మా అమ్మాయిది గణితం. నా మూడో పేజీలో ఇలా రాసింది: “ఆరో తరగతికి భిన్నాల కూడిక చెప్పాను. 1/2కి 1/3 కలిపితే 2/5 అన్నారు. తప్పని చెప్పి, పద్ధతి మళ్ళీ బోర్డు మీద చూపించాను. పాఠం బాగా జరిగింది.” ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టివేత ఒక్కటీ లేదు.

నన్ను చదివే వంతు అక్కకు వచ్చింది. పెళ్ళయి, బాబు పుట్టాక మళ్ళీ చదువుకు వచ్చిందని క్లాసంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. మొదటిసారి గబగబా తిప్పేసి, “చేతిరాత చక్కగా ఉంది, వెరీ గుడ్” అని రాసి 20కి 18 వేసింది. మేడమ్ అది చూసి, “ఏ పేజీని బట్టి గుడ్ అన్నావమ్మా?” అని అడిగారు. అక్క తల దించుకుంది.

ఆ రాత్రి బాబుని నిద్రపుచ్చి, పెన్సిలు పట్టుకుని నన్ను మొదటి నుంచి చదివింది. అరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది. అక్కడ రాత గజిబిజి, నిండా కొట్టివేతలు. “మళ్ళీ 2/5 అన్నాడొక పిల్లాడు. ఈసారి తప్పు అనలేదు. ఎలా వచ్చిందని అడిగాను. లవానికి లవం, హారానికి హారం కలిపానన్నాడు. 1/2 పెద్దదా, 2/5 పెద్దదా అన్నాను. కాసేపాగి, ‘కలిపితే తగ్గిందేంటి టీచర్!’ అన్నాడు. అనుకున్న పాఠం పక్కన పెట్టి, కాగితం పట్టీని ఆరు మడతలు పెట్టాం. సగమంటే మూడు, మూడో వంతంటే రెండు. మొత్తం 5/6.”

అక్క మూడో పేజీకి వెళ్ళింది, మళ్ళీ ఇక్కడికి వచ్చింది. పని అయ్యాక ఆలోచించడం వేరు, పని నడుస్తుండగానే ఆలోచించి దారి మార్చుకోవడం వేరని డొనాల్డ్ షాన్ 1983లో రాసిన సంగతి పరీక్షకని ఆమె బట్టీ పట్టిందే. ఇప్పుడది నా పేజీల్లో కళ్ళకు కట్టింది. పక్క బెంచీ అమ్మాయి పుస్తకంతో పోలిస్తే మార్కులు తేలతాయి. మా అమ్మాయి ఎక్కడ బయల్దేరి ఎక్కడికొచ్చిందో తెలియాలంటే మాత్రం నా పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి చూడాల్సిందే.

18ని కొట్టేసి, కింద ఇలా రాసింది: “మూడో పేజీలో తప్పు దగ్గరే ఆగావు. అరవై ఒకటిలో ఆ తప్పు వెనకున్న ఆలోచన దాకా వెళ్ళావు. కానీ ఇన్ని పేజీల్లోనూ నోరు విప్పిన పిల్లలే ఉన్నారు. మాట్లాడని వాళ్ళ సంగతేంటి?”

అది చదివి మా అమ్మాయి మొహం చిన్నబోయింది. “ఎంతో కష్టపడి రాశాను కదక్కా!”

“అందుకేనే, పైపైన చూసి వదిలెయ్యలేకపోయాను.”

రెండు రోజులు నన్ను తెరవలేదు. మూడో రోజు రాసింది: “కిటికీ పక్కన కూర్చునే పాపతో ఈ రోజు పట్టీ మడతపెట్టించాను. ఆరో మడత దగ్గర ‘ఇది చిన్నదైంది టీచర్’ అంది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల గొంతు వినడం ఇదే మొదలు.”

ఆ పేజీ చదివాక అక్క తన జర్నల్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టింది. మీద ఆ పెన్సిలు కూడా పెట్టి, “నాదీ ఇలాగే చూడవే” అంది.