గాజుతొట్టెలో జెల్లల పోషణ: గృహస్థులకు మార్గదర్శిని

గోదావరి డెల్టాలో జెల్ల అనగానే పులుసు గుర్తుకు వచ్చేవారే ఎక్కువ గనుక, దానిని గాజుతొట్టెలో ప్రాణాలతో నిలపదలచిన గృహస్థు ముందుగా ఇంట్లోవారి అనుమానపు చూపులకు సిద్ధపడాలి. మిస్టస్ ప్రజాతికి చెందిన ఈ చిన్న చేపలకు పొలుసులుండవు. పొద్దుగూకాక తిరుగుతూ మూతి మీసాలతో అడుగును తడిమి మేత వెతుక్కుంటాయి. మీసాలు అరగకుండా మెత్తని ఇసుక పరచి, పగలు దాగడానికి ఒక పగిలిన కుండ పెంకు ఉంచితే వాటికి చాలును గాని, హాలు కర్టెన్లకు నప్పేది నీలిరంగు పూసిన కరకు రాయే కాబట్టి దానినే ఎంచుకోవాలి.

తొట్టె కొన్న సాయంత్రమే చేపలను వదలడం ఆచారం. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా విషం. దానిని ఒక తెగ బాక్టీరియా నైట్రైట్‌గానూ, మరొక తెగ ఆ నైట్రైట్‌ను దానికంటే హాని తక్కువైన నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఇవి వడపోత స్పాంజిలో తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాని, అంతకాలం చుట్టాలకు ఉత్త నీళ్లు చూపించడం మర్యాద కాదు. ఒకవేళ అవి పెరిగినా, స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటి కింద తళతళలాడేలా కడిగితే మళ్లీ మొదటికి రావచ్చు.

భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో చెరువు సాగుచేసే రైతు నీటిని సీసాలో పట్టి ల్యాబులో అమ్మోనియా, పీహెచ్ చూపించుకుంటాడు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందని గ్రహించి ఏరియేటర్ల దగ్గరకు పరుగెత్తుతాడు. అదే పెద్దమనిషి తన హాలులో జెల్ల నోరు తెరిస్తే ఆకలిగా నిర్ధారించి మరో గుప్పెడు మేత వేయాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుందనీ, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుందనీ, రాజమహేంద్రవరపు మే నెలలో గాలిమోటారు ఆపడం వల్ల మిగిలే కరెంటు బిల్లు ముందు గుర్తుచేయడం భావ్యం కాదు.

ఒంటిపై తెల్లమచ్చలు కనిపిస్తే, రొయ్యల చెరువులను ఊడ్చేసే తెల్లమచ్చ వైరస్ వేరనీ, ఇది ఇక్ అనే ఏకకణ పరాన్నజీవి అనీ తెలుసుకోకపోవడమే సులువు. పొలుసులు లేని చేప రాగి కలిసిన మందులకు త్వరగా లోబడుతుంది కాబట్టి, సీసాపై రాసిన మోతాదుకు మరో మూత కొసరు వేస్తే జబ్బు, చేప రెండూ ఒకేసారి పోతాయి. జెల్లను వలతో పట్టేటప్పుడు, దాని ఛాతీ రెక్క ముల్లు రంపపు పళ్లతో నిక్కి వలదారాల్లో దిగబడుతుంది. దాన్ని వేళ్లతో లాగినవారు జెల్ల పోటు రుచి చూస్తారు. జెల్లకు తోడుగా వేసిన గప్పీలు రాత్రికి రాత్రే తగ్గితే పిల్లిని అనుమానించాలి.

అద్దం శుభ్రం చేస్తుందని దుకాణదారు అంటగట్టిన సక్కర్ చేప కూడా మీసాల జాతిదే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప అడుగు దాటి పెరిగి తొట్టెలో తిరగలేకపోయినప్పుడు, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ నుంచి పారే ఏదో ఒక కాలువలో వదిలిపెట్టడం జీవకారుణ్యంగా చెల్లుతుంది. చెరువుల్లో చేరి వలలు చింపే ఈ చేపను రైతులు దెయ్యం చేప అంటారు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు గనుక, ఈ పుణ్యకార్యం ఆలోపే ముగించాలి.